పొలుసుల తల్లి ఏ గుంపు?

అనగనగా ఒక అడవి. అడవంతటికీ ఒకటే గుహ. కొండ నడుమన పొడిగా, వెచ్చగా ఉండేది.

ఒక ఏడు ముసురు పట్టింది. ఎంతకీ వదల్లేదు. వాగు పొంగి బొరియలన్నీ మునిగిపోయాయి. జంతువులన్నీ గుహ ముందు చేరి ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

అప్పుడు అడవిగేదె ముందుకొచ్చింది. ఆ అడవిలో పెద్దరికం దానిదే.

"ఇలా తోసుకుంటే తొక్కిసలాటలో చస్తాం. నేను గుంపులు చేస్తాను. ఎవరి చోటు వాళ్ళకి చెబుతాను," అంది.

అందరూ సరేనన్నారు.

"ముందు పెద్ద గుంపులు. ఒంటిమీద ఏముందో చూస్తే చాలు. ఈకలున్నవాళ్ళు చెట్టుతొర్రల్లోకి. పొలుసులున్నవాళ్ళు కింద బండసందుల్లోకి. వెంట్రుకలున్నవాళ్ళు గుహలోకి. ఇక గుహలో చిన్న గుంపులు. గిట్టలవాళ్ళు కుడిపక్క, పంజాలవాళ్ళు ఎడమపక్క. గిట్టలవాళ్ళలో మళ్ళీ కొమ్ములున్నవాళ్ళు బాగా లోపలికి."

అలా అన్నిటికన్నా వెచ్చని చోటు కొమ్ములవాళ్ళకే వచ్చింది. ఎందుకొచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ముసలి కొండముచ్చు గొంతు సవరించుకుంది. "పెద్దమ్మా, పైతోలు చూసి విడదీస్తే పొరపాటు పడతావు. ఎవరి పిల్లలు ఏం తాగి పెరుగుతాయో ముందు అడుగు."

"ఇంత వానలో ఒక్కొక్కరి పిల్లల సంగతీ అడిగే తీరిక నాకెక్కడిది?" అని గేదె కసిరింది.

వరసలో అందరికన్నా చివర అలుగు నిలబడింది. అలుగును మీరు చూసి ఉండరు. ముక్కు పైనుంచి తోక దాకా పెంకుల్లాంటి పొలుసులు. చీమల్ని తిని బతుకుతుంది. ఎవరి జోలికీ పోదు. ఆ రోజు దాని తోకను పట్టుకుని ఒక పసిపిల్ల ఉంది.

"నీకు బండసందులు," అంది గేదె.

"పెద్దమ్మా, నేను..."

"పొలుసులున్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం? వెళ్ళు."

అలుగు వెళ్ళింది. బండసందులో పాములు, ఉడుములు కదలకుండా పడుకుని ఉన్నాయి. ఒక ముసలి ఉడుము కళ్ళు తెరిచి పిల్లను చూసింది.

"అమ్మా, చలి వేస్తే మా ఒళ్ళూ చల్లబడుతుంది. ఎండ వచ్చేదాకా ఇలా పడి ఉంటాం. నీ పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉండాలి. ఈ చలికి అది ఓర్చుకోలేదు. నిన్ను పొమ్మనడం లేదు, నీ మంచికే చెబుతున్నా. పైకి వెళ్ళి మళ్ళీ అడుగు," అంది.

అలుగు జారుతూ, లేస్తూ కొండెక్కింది.

"పెద్దమ్మా, నా పిల్ల వణికిపోతోంది. ఒక మూల చోటివ్వు. ఇదీ నీ దూడలాగే పాలు తాగే పిల్లే."

గేదెకు తన పొరపాటు తెలిసింది. కానీ గుహలో అందరూ తనవంకే చూస్తున్నారు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ఇక పెద్దరికం ఏముంటుంది?

"సరే, నిన్ను ఏ పక్కన పెట్టను?" అంది. "చూస్తే గిట్టలు లేవు. పంజాలవాళ్ళతో పెడదామంటే నోట్లో ఒక్క పన్నూ లేదు. నువ్వు ఏ గుంపులోనూ ఇమడవు."

కొండముచ్చు ఉండబట్టలేకపోయింది. "చిన్న గుంపు తేలకపోతే ఏం? పెద్ద గుంపు తేలిందిగా! పాలు తాగే పిల్ల ఏదైనా మనదే. ముందు లోపలికి రానివ్వు. ఏ పక్కనో తర్వాత చూద్దాం."

"ఒక్కదానికోసం చేసిందంతా చెరిపెయ్యాలా?" అని గేదె తల తిప్పుకుంది.

మిగతావాళ్ళు నోరు మెదపలేదు. గుంపులు మళ్ళీ మొదటినుంచి చేస్తే తమ చోటు ఎక్కడ పోతుందోనని వాళ్ళ భయం. నాకైతే గేదె కన్నా వాళ్ళమీదే ఎక్కువ కోపం.

అలుగు దిగిపోయింది. పిల్లను పొట్టకు అదుముకుని, చుట్టూ తన ఒంటిని ఉండలా చుట్టుకుంది. కానీ వాననీళ్ళు సందులోకి జారుతూనే ఉన్నాయి. పొలుసులు నీటిని ఆపలేకపోయాయి.

చివరికి ఒక పొద్దున ముసురు విడిచింది. అందరూ ఎండలోకి వచ్చారు. గేదె తన దూడకు పాలిస్తోంది. అప్పుడు అలుగు కొండెక్కి వచ్చింది. వెనక కాళ్ళమీద నడుస్తూ, ముందు కాళ్ళతో పిల్లను పట్టుకుని వచ్చింది. పిల్లను గేదె ముందు పడుకోబెట్టింది.

పిల్ల కదల్లేదు. దాని మూతిమీద ఎండిన పాలచుక్క ఉంది. దూడ మూతిమీదా పాలచుక్కే ఉంది. గేదె రెండింటినీ చూసింది.

"తప్పయిపోయింది తల్లీ. ఇకనుంచి నువ్వు మా గుంపే. లోపలికి రా," అంది.

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?" అంది అలుగు. "నేను చోటు అడిగింది నాకోసం కాదు."

గుహ వాకిట్లోనే మట్టి తవ్వి పిల్లను పూడ్చింది. ఎవరివంకా చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గేదె గుంపులన్నీ మళ్ళీ చేసింది. పాలిచ్చేవాళ్ళందరికీ గుహలో చోటు పెట్టింది. అలుగు మాత్రం రాలేదు. ఇప్పటికీ అది ఒంటరిగానే తిరుగుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే చాలు, ఒంటిని ఉండలా చుట్టేసుకుంటుంది, లోపల ఇంకా పిల్ల ఉన్నట్టే.

నీతి: పైపై రూపం చూసి ఎవరినీ వేరు చేయకూడదు. తప్పని తెలిసిన క్షణమే దిద్దుకోవాలి. ఆలస్యంగా అడిగిన క్షమాపణ పోయిన ప్రాణాన్ని తేలేదు.