తలకింద తెడ్డు

వేట నిషేధం మొదలయ్యే ముందే ఏడుకొండలు ఇంజిన్ చచ్చిపోయింది. పడవ వెనక తగిలించే చిన్న ఇంజిన్ అది. నడిసముద్రంలో ఒక్కసారిగా పట్టేసింది. మెకానిక్ విప్పి చూసి, పెట్రోల్లో నూనె సరిగా కలపకపోతే ఇలాగే అవుతుందని, ఇక దీన్ని తుక్కులో వేసి వేరేది చూసుకోమని చెప్పాడు.

పెట్రోల్లో నూనె కలిపేది ఏడుకొండలు బావమరిది పోలయ్య. ఇద్దరూ ఒకే పడవ మీద వేటకు పోతారు. గవ్వలపాలెంలో చేపలు పంచేటప్పుడు మనుషులకు వేసినట్టే ఇంజిన్‌కి కూడా ఒక వాటా వేస్తారు. ఇంజిన్ ఎవరిదైతే ఆ వాటా వాళ్ళది. తనకు రెండో వాటా వస్తుంటే ఓర్వలేక పోలయ్యే నూనె తగ్గించాడని ఏడుకొండలు అనుమానం. ఆ మాట పైకి అనలేదు. నూనె డబ్బా మాత్రం ఇంట్లోకి తీసుకుపోయి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పోలయ్య తాళం చూశాడు. కొన్నాళ్ళు పోయాక వల బాగుచేస్తూ, తల ఎత్తకుండా ఒక మాట చెప్పాడు. నిషేధం పోయి సముద్రం తెరిచే నాటికి ఇంజిన్ ఉంటే వస్తాను బావా, లేకపోతే వేరే పడవ ఎక్కుతాను.

పోలయ్య వెళ్ళిపోతే ఆ పడవ ఇసుక మీదే ఉంటుంది. భార్య తమ్ముడే నమ్మక వదిలిపోయిన పడవ మీదికి పాలెంలో ఇంకెవరూ రారు. అది ఏడుకొండలుకు తెలుసు.

పాలేనికి దక్షిణాన ఇసుక దిబ్బ మీద ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే మొహిద్దీన్ బాబా దగ్గరికి అందరూ తాయెత్తుల కోసం పోతారు. ఏడుకొండలు అలా పోలేదు. మనసు నిలవడం లేదు, ఏదైనా నేర్పండి అని పోయాడు. బాబా అతని చేతికి చీపురు ఇచ్చాడు. గాలి రోజూ గడప మీదికి ఇసుక తెస్తుంది, ఏడుకొండలు రోజూ సాయంత్రం ఊడుస్తాడు. ఇంతవరకూ బాబా నేర్పింది అదే.

ఆ వేసవిలో ఊడుస్తూ ఊడుస్తూ బాబాకు ఇంజిన్ల గురించి చెప్పేవాడు. టౌనులో కొత్తది చూశాడు. అట్టపెట్టె టేపు ఒకసారి విప్పి మళ్ళీ అంటించినట్టు కనిపించింది. షాపువాడు అడగకుండానే టీ తెప్పించాడు, అదీ నచ్చలేదు. రేవులో ఒక పాతదానికి కొత్తగా రంగు వేసి ఉంది. ఏదో కప్పిపెట్టడానికే వేసి ఉంటారు. మరొకదానికి రంగే లేదు. రంగు కూడా వేయించనివాడు ఇంజిన్‌ని ఏం చూసుకుని ఉంటాడు?

బాబా అన్నీ విన్నాడు. ఒక సాయంత్రం మాత్రం, పక్క పాలెం జాలయ్యకు మోకాళ్ళు పోయాయని, వేట మానేసి ఇంజిన్ అమ్ముతున్నాడని చెప్పాడు.

ఏడుకొండలు చీపురు ఆపాడు. జాలయ్య ప్రతి గురువారం దర్గాకు వస్తాడు. వచ్చినప్పుడల్లా బాబాకు కొర్రమీసాలో కానాగంతలో ఏవో చేపలు తెస్తాడు. ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో అతనికే తెలియదు. గుర్తొచ్చాక పోలేదు.

అయినా కబురు పంపాడు. బాబాను కూడా రమ్మన్నాడు. బాబా ముందు జాలయ్య అబద్ధమాడడని ఒక లెక్క. బాబా ముఖం కూడా కనిపెట్టి చూడవచ్చని ఇంకో లెక్క.

జాలయ్య ఇంజిన్‌ని గోనెపట్టాలో చుట్టి ఆటోలో తెచ్చాడు. దింపేటప్పుడు డ్రైవర్‌ని చెయ్యి వేయనివ్వలేదు. నీళ్ళ డ్రమ్ముకు తగిలించి తాడు లాగాడు. మొదటి లాగుకే అందుకుంది. వెనక ఇంజిన్‌ని చల్లబరిచే సన్నని నీటిధార తెగకుండా పడుతోంది.

ఏడుకొండలు ఆ ధార కింద చెయ్యి పెట్టి చూశాడు. ఇంజిన్ ఆపించి, కింద గేరు దగ్గరి మర విప్పి ఒక చుక్క నూనె వేలి మీద పట్టాడు. లోపలికి నీళ్ళు పోతుంటే ఆ నూనె పాలలా తెల్లబడుతుంది. ఇది తెల్లగా లేదు. శుభ్రంగా ఉంది.

“కొత్తగా పోశావా అన్నా?”

“పోశాను. అమ్మేది కదా అని.”

“అంటే పాతది ఎట్లుండిందో ఇప్పుడు తెలవదు.”

జాలయ్య బాబా వైపు చూశాడు. బాబా సముద్రం వైపు చూస్తున్నాడు. పోలయ్య పడవకు ఆనుకుని, అందరినీ కాస్త దూరం నుంచి చూస్తున్నాడు.

డ్రమ్ములో ఏ ఇంజిన్ అయినా బుద్ధిగానే ఉంటుంది, సముద్రంలో చూడాలన్నాడు ఏడుకొండలు. జాలయ్య సరేనన్నాడు. ఇంజిన్‌ని పడవకు బిగించారు. అప్పుడు ఏడుకొండలు ఇంకో మాట అన్నాడు.

“నీ ఇంజిన్ మీద నీకు అంత నమ్మకముంటే తెడ్లు ఒడ్డునే పెట్టి పోదాం అన్నా.”

జాలయ్య ఒక క్షణం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి, మోకాళ్ళు పట్టుకుంటూ, తెడ్లు ఒక్కొక్కటే తీసి ఇసుక మీద పడేశాడు. “పోదాం పద తమ్ముడూ” అన్నాడు.

బాబా లుంగీ పైకి కట్టి తనూ పడవ ఎక్కాడు. పోలయ్య పడవను నెట్టి ఒడ్డునే ఉండిపోయాడు. అలలు విరిగే చోటు దాటించింది ఇంజిన్, ఎక్కడా తడబడకుండా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఏడుకొండలు ఆపమన్నాడు. ఆపి, మళ్ళీ స్టార్టు చేయమన్నాడు. అయింది. చల్లారాక ఎలా ఉంటుందో అని కాసేపాగి మళ్ళీ అడిగాడు. అప్పుడూ అయింది. జాలయ్య చేతిలో ఏదో కిటుకు ఉందనిపించి, ఈసారి తనే తాడు అందుకున్నాడు. వేడి ఇంజిన్‌కి చోక్ అక్కర్లేదని జాలయ్య చెప్పాడు. వద్దన్నాడంటే చోక్‌లోనే ఏదో ఉందనుకుని ఏడుకొండలు పూర్తిగా లాగి పెట్టాడు. ఇంజిన్ గుర్రుమని ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ. ముక్కు బద్దలయ్యేలా పెట్రోలు వాసన వచ్చింది.

ఇక అది పలకలేదు.

“చూశారా బాబా” అన్నాడు ఏడుకొండలు. అతని గొంతులో భయం ఉంది. భయం కింద కాస్త సంతోషం కూడా ఉంది.

జాలయ్య లంగరు నీళ్ళలోకి వదిలాడు. చోక్ లోపలికి నొక్కాడు. పెట్రోలు ఎక్కువ తాగేసింది, ఆరనిద్దామని చెప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పడవ లంగరు మీద ఊగుతోంది. గాలి ఒడ్డు వైపుకే ఉంది. వెనక అలలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏడుకొండలు ఆ చప్పుడు విన్నాడు, లంగరు తాడు చూశాడు, మళ్ళీ చప్పుడు విన్నాడు. ఇక ఉండబట్టలేక పడవ అడుగున పరిచిన పట్టా ఎత్తి, దాని కింద తను ముందే దాచిన తెడ్డు ఒకటి బయటికి తీశాడు.

జాలయ్య ఆ తెడ్డును చూశాడు. ఒడ్డున తను పడేసిన తెడ్లు ఇక్కడి నుంచి కూడా కనిపిస్తున్నాయి. నవ్వబోయి మానుకున్నాడు.

“నన్ను వద్దని నువ్వు తెచ్చుకున్నావా తమ్ముడూ?”

ఏడుకొండలు తెడ్డును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

బాబా చెయ్యి చాపాడు.

“ఇట్టా ఇవ్వు.”

ఏడుకొండలు ఇవ్వలేదు. బాబా చెయ్యి అలాగే ఉంచాడు. పడవ ఒకసారి పైకి లేచి దిగింది. అది దిగాక ఏడుకొండలు తెడ్డును ఆ చేతిలో పెట్టాడు.

బాబా దాన్ని అడ్డంగా పెట్టి, వెడల్పు వైపు తల ఆనించి, పడవలో వెల్లకిలా పడుకున్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. కాసేపటికి గురక కూడా వచ్చింది. నిజం గురకో దొంగ గురకో ఏడుకొండలు తేల్చుకోలేకపోయాడు.

ఇక చేయడానికి ఏమీ లేదు. ఏడుకొండలు కూర్చున్నాడు. చాలా రోజులకు, ఏ పనీ లేకుండా, ఎవరినీ కనిపెట్టకుండా కూర్చున్నాడు. పెట్రోలు వాసన మెల్లగా తగ్గింది. ఉప్పు వాసన వచ్చింది.

జాలయ్య లేచి ఇంజిన్ తాడు చేతికి చుట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఇంజిన్ దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది.

ఒడ్డుకు వచ్చాక జాలయ్య ఇంజిన్ దగ్గరే నిలబడ్డాడు. దాని మూత మీద పడ్డ ఉప్పునీళ్ళు తుండుగుడ్డతో తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. తర్వాత ఏడుకొండలును కాకుండా బాబాను అడిగాడు.

“ఇంజిన్ సంగతి మీరు చూశారు గదా బాబా. మనిషి సంగతి చెప్పండి. ఇతని చేతిలో పెట్టొచ్చా దీన్ని?”

ఇన్ని ఇంజిన్లు చూసిన ఏడుకొండలుకు తననీ ఒకరు అలా చూస్తారన్న సంగతి అంతవరకూ తట్టలేదు. రంగు వేసిన ఇంజిన్, వేయని ఇంజిన్, అంటించిన టేపు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పోలయ్య పడవ పక్కన నిలబడి వింటున్నాడు. బాబా ఏమంటాడో అని ఏడుకొండలు తల దించుకున్నాడు.

బాబా తెడ్డును తెచ్చి మిగతా తెడ్ల పక్కన పెట్టాడు.

“దాచుకున్నాడు” అన్నాడు. “అడిగితే ఇచ్చాడు.”

అంతే. లుంగీ దులుపుకుని దిబ్బ వైపు నడిచాడు.

జాలయ్య తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. ఇంజిన్ బిగింపు విప్పడానికి చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బిగింపును విప్పలేదు, ఇంకొక చుట్టు గట్టిగా తిప్పింది.

“వేడి మీద చోక్ లాగబాకు. డబ్బు గురువారం దర్గా దగ్గర ఇద్దువులే” అని చెప్పి, గోనెపట్టా మడిచి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాడు.

ఏడుకొండలు ఇంటికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో నూనె డబ్బా ఉంది. రెండో చేతిలో పెట్టె తాళమూ తాళంచెవీ ఉన్నాయి. డబ్బాను పోలయ్య ముందు ఇసుక మీద పెట్టాడు.

“కలుపు” అన్నాడు.

పోలయ్య డబ్బాను చూశాడు, బావను చూశాడు. పెట్రోలు క్యాను దగ్గరికి లాక్కుని మూత తిప్పాడు.

నూనె పోస్తున్న చప్పుడు వినిపించగానే ఏడుకొండలు మెడ దానంతటదే అటు తిరగబోయింది. అతను దాన్ని ఆపి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.