నూకాలు చూసిన సముద్రం

బళ్లు తిరగని ఓ ఏటి రేవు ఊళ్లో, షావుకారు గవరయ్య తన కొట్లో ఎవరు అరువుకు సరుకు కొన్నా, కొన్నప్పుడల్లా ఓ గవ్వ ఇచ్చేవాడు. వంద గవ్వలు తెస్తే తన పడవలో సముద్రం దాకా ఉచిత ప్రయాణం. అరువు పున్నమికి తీర్చాలి, దాటితే వడ్డీ.

అవతలి ఒడ్డు లేని నీళ్లుంటాయా అని బుట్టలల్లే నూకాలుకు కుతూహలం. పేటవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని, వాళ్ల సరుకులన్నీ తన పేరున అరువు తెచ్చి, వంద గవ్వలు పోగేసింది.

ఆమె తెచ్చిన గవ్వలు చూసి గవరయ్య మీసం దువ్వాడు. "వెళ్లడమే ఉచితం. తిరిగి రావాలంటే పది వరహాలు."

"అంత నావల్ల కాదు బాబూ, అక్కడే ఉండిపోతాను," అంటూ నూకాలు నడుముకు కట్టుకున్న మూట చూపించింది. "మీ అరువు డబ్బంతా ఇందులోనే ఉంది. పున్నమికి వచ్చి పట్టుకెళ్లండి."

గవరయ్య గబగబా తనూ పడవెక్కాడు. సముద్రం చూపించి, ఆమెను ఉచితంగానే వెనక్కి తెచ్చాడు.

నూకాలు ఒడ్డు లేని నీళ్లను కళ్లారా చూసింది. గవరయ్య మాత్రం మూటనే చూస్తూ కూర్చున్నాడు.