పేగుక్రిములు ముళ్ళు ముడుచుకోవడం ఎలా నేర్చుకున్నాయి

ఒకప్పుడు రోగం తెచ్చే, కంటికి ఆనని పేగుక్రిములు పుట్టిన క్షణం నుంచి పోయేదాకా ఒంటినిండా ముళ్ళు లేపుకునే ఉండేవి. ఎదుట పగవాడున్నా లేకపోయినా ముల్లు దించడమనేది లేదు. దించినవాణ్ణి పంక్తిలో కూడా కూర్చోనిచ్చేవారు కాదు.

ఆ వంశంలో సూదమ్మ అనే ముసలి క్రిమి ఉండేది. ఒక కాలవలో, చన్నీళ్ళలో, గుర్రపుడెక్క వేరుకి అతుక్కుని రోజులు వెళ్ళదీసేది. గుర్రపుడెక్క అంటే అదే, ఊదారంగు పూలు పూస్తుంది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో కాలవకి అంత చేటు. సరే, దాని మాట వదిలేద్దాం.

సూదమ్మకి ఒళ్ళంతా అలసట. ముల్లంటే ఊరికే నిలబడదు మరి, తిండి పెట్టి పెంచాలి. ఆ కాలవలో దొరికే అరకొర తిండి ముళ్ళకే చాలేది కాదు. క్రిములకు పిల్లలు కలగడం మనలా కాదు. కడుపునిండా తిని, ఒళ్ళు పెంచుకుని, ఒకరే ఇద్దరవుతారు. తిండి మిగిలితేగా ఇద్దరవడానికి! వంశం రానురాను పలచబడింది. నాతోనే ఇది ఆగిపోతుందేమోనని సూదమ్మ దిగులు.

ఒకనాడు ఆమెకిక ఓపిక లేకపోయింది. ముళ్ళన్నీ దించేసి వేరుకి జారగిలబడింది.

వంశపెద్ద కొక్కెయ్య చూశాడు. వరసకి మరిది.

"అదేంటొదినా, పొట్టు తీసిన పెసరపప్పులా నున్నగా కూర్చున్నావు! మన పరువేం కాను?"

"పరువుకేం నాయనా, మోసేవాళ్ళుంటే ఎంతకాలమైనా ఉంటుంది. నా నడుమే ఉండేట్టు లేదు."

"ఇప్పుడే ఒక కడుపు తగిలిందనుకో, ఏం చేస్తావు?"

"తగిలినప్పుడు చూసుకుందాంలే."

అంతలోనే తగిలింది. గేదెలు కాసే నూకరత్నం దాహానికి ఆగలేక దోసిలితో కాలవనీళ్ళు ఎత్తి గటగటా తాగేసింది. వాళ్ళమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోసి ఇచ్చింది గానీ, సీసాని గేదె తొక్కేసింది. గేదెని ఏమనగలం?

నీళ్ళతోపాటు అందరూ లోపలికి జారారు. పొట్టలోని పుల్లటి మంటలో సగంమంది పోయారు. మిగిలినవాళ్ళు పేగులో పడ్డారు. అక్కడ వెచ్చగా ఉంది, తిండీ ఉంది. ఒంటిని కాచే కావలివాళ్ళూ ఉన్నారు.

"ముళ్ళవాళ్ళురోయ్! పట్టండి!"

అన్ని ముళ్ళు కనబడక ఎలా ఉంటాయి? కొక్కెయ్య పటాలాన్ని చుట్టుముట్టేశారు.

"వదినా, ముళ్ళు లేపు!" అని చివరిసారి అరిచాడు కొక్కెయ్య.

సూదమ్మ ప్రాణం విలవిల్లాడింది. లేపలేకపోయిందో, లేపదలచుకోలేదో ఆమెకే తెలియదు. లేపలేదు.

ఒక కావలివాడు దగ్గరికొచ్చాడు. "నువ్వెవరు ముసలమ్మా?"

"దారినపోయేదాన్ని బాబూ. కాస్త నడుం వాల్చుకుందామని."

"నీలాంటివాళ్ళు ఇక్కడ కోట్లమంది ఉన్నారు. ఆ పెరుగుతో వచ్చినోళ్ళ పక్కన సర్దుకో, పో."

సూదమ్మ పిత్తం చేదులో ఈదుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది. కడుపునిండా తింది. ముళ్ళకి పెట్టే పని లేదాయె! ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు నలుగురయ్యారు, గోడవారంతా పిల్లలే.

"ఇక ముళ్ళు లేపమంటావా అవ్వా?" అని అడిగారు పిల్లలు.

"వెచ్చగా ఉందా? చేదు దాటామా? గోడ చేతికి అందుతోందా? కావలివాళ్ళకి ఎదురునిలిచేటంతమంది మనవాళ్ళు పక్కన ఉన్నారా?"

"ఉన్నారవ్వా, కాలు పెట్టే చోటు లేదు."

"అయితే కానీయండి" అంది సూదమ్మ. ఆ గొంతులో సంతోషం లేదు.

నూకరత్నానికి కడుపు మెలిపెట్టింది. చెంబు పట్టుకుని పరిగెత్తి పరిగెత్తి సొమ్మసిల్లింది. వాళ్ళమ్మ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ పక్కనే కూర్చుంది. పిల్ల తేరుకుంది. పిల్ల చెంబుతో వెళ్ళిన చోటంతా వానకి కొట్టుకుపోయి, సూదమ్మా ఆమె సంతానమూ మళ్ళీ కాలవలో పడ్డారు. చన్నీళ్ళు తగలగానే ఎవరూ చెప్పకుండానే ముళ్ళు దిగిపోయాయి. వంశం నిలిచింది. సూదమ్మ మరిది కోసం వెతికినట్టు ఒకసారి చుట్టూ చూసి, కళ్ళు మూసుకుంది.

అప్పటినుంచే రోగక్రిములు చన్నీళ్ళలో ఉన్నంతకాలం ముళ్ళు ముడుచుకుని సాధువుల్లా పడి ఉంటాయి. వెచ్చదనం, చేదు, గోడ, గుంపు అన్నీ కుదిరాకే లేపుతాయి. ఆ పడి ఉండటం అలసటో, పొంచి ఉండటమో ఎవరు చెప్పగలరు? తట్టిలేపి అడగలేం గదా. నీళ్ళు కాచుకోవాల్సిందే.