మృగరాజు పూలదండ

అనగనగా ఒక అడవి. ఆ అడవికొక ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టుకొక పాడు ఆచారం.

గోల్ కొట్టినవాడికి మృగరాజు స్వహస్తాలతో పూలదండ వేసి, నెలరోజులు తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. బంతి అందించినవాడినీ, అడ్డుపడి దెబ్బలు తిన్నవాడినీ కన్నెత్తి చూసేవాడు కాదు. ఇదెక్కడి న్యాయం?

జట్టులో తరళ అనే లేడి ఉండేది. మైదానం అంచు వెంట పరుగెత్తి ముందున్నవాళ్లకు బంతి అందించడం ఆమె పని. ఇన్నేళ్లలో ఆమె మెడలో ఒక్క పువ్వూ పడలేదు. పోనీలే అని సరిపెట్టుకుంది. ఈ ఏడు మాత్రం సరిపెట్టుకునేలా లేదు.

ఆ ఏడు వానల్లేవు. ఈ అడవికీ, ఏటి అవతలి దున్నల రాజ్యానికీ కలిపి ఒక్క మడుగే మిగిలింది. కొట్టుకు చావడమెందుకని ఇరువురూ ఒప్పందం చేసుకున్నారు. మూడు ఆటలు ఆడాలి. ఒక్కటి గెలిచినా అడవికి మడుగులో సగం వాటా. మూడూ ఓడితే చుక్క నీరు దక్కదు. తరళకు పాలు తాగే కూన ఉంది.

మొదటి ఆటలో దండ మీద ఆశతో అందరూ ముందుకే ఉరికారు. గోల్ దగ్గర ఎలుగుబంటి ఒంటరిగా మిగిలింది. దున్నలు తాపీగా వచ్చి నాలుగు గోల్స్ కొట్టి పోయాయి.

రెండో ఆటకు రాజు వ్యూహం మార్చాడు. ముందు వరసలో ముగ్గురే. నడుమ చిరుత, ఒక పక్క అడవిపంది, మరో పక్క తరళ. చిరుత రాజుగారి ముద్దుల మేనల్లుడు. బంతి ఎవరికి దొరికినా చిరుతకే ఇవ్వాలని ఆజ్ఞ. ఆ సంగతి కనిపెట్టడానికి దున్నలకు ఎంతసేపు? అన్నీ చిరుత చుట్టూ మూగాయి. ఖాళీ గోల్ ముందు నిలబడి తరళ "ఇటివ్వు" అని గొంతు చించుకుంది. చిరుత వినిపించుకోలేదు. అందరినీ తానే తప్పించుకు పోబోయి బంతి పోగొట్టుకుంది. అడవి మళ్లీ ఓడింది.

సభలో రాజు ఎలుగుబంటిని నిలదీశాడు. "నీ చేతకానితనం వల్లే ఓడాం" అన్నాడు. వాచిన మోకాలితో అది తలవంచుకు నిలబడింది. తరళకు ఒళ్లు మండిపోయింది.

"ప్రభూ, అత్త మీద కోపం దుత్త మీద చూపకండి. మనల్ని ఓడించింది ఎలుగన్న కాదు, మీ దండ. దాని కోసమే మనవాళ్లు మనవాళ్లకు బంతి ఇవ్వడం మానేశారు. రేపు నోరెండిపోయేది నా కూనకు."

రాజు కళ్లెర్ర చేశాడు. "అంత తెలిసినదానివైతే మూడో ఆట నువ్వే నడిపించు. ఓడితే నీకు ఈ అడవిలో చోటు లేదు."

"సరే ప్రభూ. దండ మాత్రం మైదానానికి తేకండి."

తరళ జట్టును చుట్టూ కూర్చోబెట్టుకుంది. "ముందు ముగ్గురం, నడుమ నలుగురు, వెనక ముగ్గురు, గోల్‌లో ఎలుగన్న. బంతి ఎవరి దగ్గరున్నా ఖాళీగా ఉన్నవాళ్లకే ఇవ్వండి. గోల్ ఎవరు కొట్టారని నేను అడగను" అంది.

మూడో ఆటలో చాలాసేపు ఎవరికీ గోల్ రాలేదు. దున్నలు కొట్టిన బంతులను ఎలుగుబంటి కుంటుతూనే ఆపింది. చివరికి బంతి చిరుతకు చిక్కింది. దున్నలు అలవాటుగా చుట్టుముట్టాయి. అప్పుడు తరళ, బంతి తన దగ్గరికే వస్తున్నట్టు అంచు వెంట దూసుకుపోయింది. కాపలా దున్నలు రెండు ఆమె వెంటపడ్డాయి. నడుమ దారి తెరుచుకుంది. చిరుత ఒక్క క్షణం తటపటాయించి, ఆ దారిలో పరుగెత్తుతున్న అడవిపందికి బంతి తోసింది. పంది తలతో ఒక్క పోటు పొడిచింది. గోల్ అయింది, ఆట ముగిసింది.

రాజు బుద్ధి ఎక్కడికి పోతుంది? దండ తెప్పించనే తెప్పించాడు. అడవిపంది వెనక్కి జరిగింది. "నాకు బంతి ఇచ్చింది చిరుత, ప్రభూ."

చిరుత సిగ్గుపడింది. "దారి చేసింది తరళ, మామా. తను బంతిని తాకనైనా లేదు."

రాజు దండతో తరళ వైపు తిరిగాడు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. "నాకు వేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఎలుగన్న ఆపిన బంతుల మాటేమిటి? దారివ్వండి ప్రభూ, పిల్లలు దాహంతో ఉన్నారు" అని, కూనను వెంటబెట్టుకుని మడుగు వైపు నడిచింది. జట్టంతా ఆమె వెనకే కదిలింది. రాజు దండ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

పదిమంది కష్టాన్ని ఒక్కడి మెడలో వేసే రాజు ఏ జట్టునూ గెలిపించలేడు.