ఉమ్మడి మెట్ల కర్రలు

“మోటారు నాది. నా డబ్బులెట్టి కొన్నాను. నాది నేను ఊడబీక్కుంటే తప్పెలా అవుద్ది గురువుగారూ?”

బుల్లియ్య ఈ మాట అడగడం కొత్త కాదు. వాడికీ వాడి తమ్ముడికీ బోరు దగ్గర తగువు. బోరు ఉమ్మడిది, మోటారు బుల్లియ్యది. ఏకాదశి భజన అయిపోయాక అరుగు మీద కూచుని ఎప్పుడూ అదే పాట. మా ఆయన పోయిన కాడ్నుంచీ కామయ్య గురువుగారింటికి నేనూ భజనకి పోతన్నాను, అందుకని ఆ తగువు నాకు కంఠతా వచ్చేసింది.

గురువుగారు అడిగినదానికి అవుననరు, కాదనరు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని అది నానేదాకా ఊరుకుంటారు. ఆ రోజూ అలాగే ఊరుకుని, “తాతారావు ఇంటి మెట్లు ఎప్పుడన్నా చూశావా బుల్లియ్యా?” అన్నారు.

“లేదండి. మెట్లకీ నా మోటారుకీ ఏంటండి సంబంధం?”

“విను మరి.”

ఆయన చెప్పింది ఇది. తాతారావు వాళ్ళ వీధిలోనే మా పుట్టిల్లు కాబట్టి ఆయన వదిలేసినవి కొన్ని నాకు తెలుసు. అవీ కలిపి చెప్తన్నాను.

తాతారావు, సూరిబాబు అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్నారు. కింద సగం ఒకడిది, సగం ఒకడిది. పైన కూడా అంతే. మెట్లు మాత్రం ఒక్క వరసే, వాటిని కోయడానికి కుదరదు, ఉమ్మడిగా వదిలేశారు. కొన్నాళ్ళకి మెట్ల పక్క కర్ర రెయిలింగుకి చెద పట్టింది. పట్టుకుంటే పొడి రాలతంది. కొత్తది వేయించాలి.

వడ్రంగి కొండాచారి లేతు మిషను మీద నున్నగా తిప్పిన నిలువు కర్రలు రెండు రకాలు తెచ్చి చూపించాడు. టేకుది ఒకటి, మామిడిది ఒకటి. తాతారావు పెళ్ళాం నూకరత్నం టేకుదే చేతిలోకి తీసుకుంది. మధ్యలో తామరమొగ్గలా ఉబ్బు ఉంది దానికి. సూరిబాబు మామిడిదే చాలన్నాడు. వీడి మామిడికి వాడు సగం ఇవ్వనన్నాడు, వాడి టేకుకి వీడు సగం ఇవ్వనన్నాడు. పోనీ కింది మెట్ల వరకూ ఒకడు, పై మెట్ల వరకూ ఒకడు వేయించుకోండి అంటే, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ముందు కనపడేది కింది భాగమే కదా, అది నాదంటే నాదని కొట్టుకున్నారు. ఆఖరికి పంచాయితీ పెద్దలు తేల్చిన తీర్పేంటంటే, ఒక కర్ర తాతారావుది, పక్క కర్ర తమ్ముడు సూరిబాబుది, ఆ పక్కది మళ్ళీ తాతారావుది.

అక్కడితో ఆగారా? బంక పెట్టొద్దన్నారు ఇద్దరూ.

“బంక పెట్టకపోతే కర్ర నిలబడదు బాబూ,” అన్నాడు కొండాచారి.

“ఊరికే దూర్చు చాలు. రేపేదన్నా మాటొస్తే మావి మేం తీసుకునే వీలుండాలి,” అన్నాడు తాతారావు. తమ్ముడు కూడా, “అదీ నిజమే” అన్నాడు. వాళ్ళిద్దరికీ మాట కలిసింది అక్కడొక్కచోటే.

కొండాచారి చెయ్యి వేసుకునే పై పట్టెలో బెజ్జాలు లోతుగా, కింది పట్టెలో తక్కువగా తొలిచాడు. కర్రని పైకెత్తి కిందకి దింపితే కూచుంటుంది. మళ్ళీ పైకెత్తి పక్కకి లాగితే వచ్చేస్తుంది. ఒకటి పాలిషు పెట్టిన టేకు, ఒకటి ఆకుపచ్చ రంగేసిన మామిడి. వీధంతా వచ్చి చూసి నవ్వుకుంది. పెళ్ళికొడుకు పక్కన జోకరు నించున్నట్టుందని మా వదిన అంది. ఏదైతేనేం, కర్రకీ కర్రకీ మధ్య మనిషి పిడికిలి దూరేంత సందే ఉండేది. పిల్లలు ఆ మెట్ల మీదే ఆడుకునేవాళ్ళు.

వానాకాలం వచ్చింది. సూరిబాబు పెళ్ళాం కాసులు తడిచీర పట్టె మీద ఆరేసింది. నీళ్ళు కారి టేకు పాలిషు తెల్లబడిపోయింది.

“మీ పచ్చకర్రల మీద ఆరేసుకోవే. మా టేకు మీదకెందుకు?” అంది నూకరత్నం.

“చీర ఆరు గజాలక్కా. ఒకటి వదిలి ఒకటి పట్టుకోమంటే అది వింటదా?” అంది కాసులు.

మాటా మాటా పెరిగింది. తాతారావు అన్నం ముందు నుంచి లేచొచ్చాడు. ఒక్కో కర్రా పైకెత్తాడు, లాగాడు, తన టేకు కర్రలన్నీ మోపు కట్టి మంచం కింద తోసేశాడు. “నావి నేను తీసుకున్నాను. ఎవడన్నా అడుగుతాడా?” అన్నాడు. ఎవరూ అడగలేదు. అడగడానికేముంది, ఆయనవే కదా.

ఇక మిగిలిన పచ్చకర్రల మధ్య సందులోంచి గొర్రెపిల్ల దూరిపోద్ది. కొండాచారి సూరిబాబు దగ్గరికొచ్చి, “బాబూ, నా దగ్గర మామిడి ముక్కలు పడున్నాయి. ఊరికే ఇస్తాను, ఆ ఖాళీల్లో పెట్టేస్తాను,” అన్నాడు.

“వాడి బెజ్జాల్లో నా కర్ర పెడితే రేపు అదీ వాడిదే అంటాడు. కర్ర తీసుకెళ్ళాడు కానీ ఖాళీ ఇంకా వాడిదే. వాడే పూడ్చుకుంటాడు,” అన్నాడు సూరిబాబు.

ఇటు తాతారావు, “ఆ సందు వాడి కర్రల పక్కది, వాడే చూసుకుంటాడు,” అన్నాడు. తాడు కట్టండని మా అమ్మ చెప్పింది. ఎవరి తాడు కట్టాలా అని ఆలోచించారు గానీ కట్టలేదు.

తాతారావు కూతురు అమ్మాజీకి పిన్ని అంటే ప్రాణం. అప్పుడప్పుడే పరిగెత్తడం నేర్చింది. పెద్దాళ్ళకి మాటల్లేకపోయినా ఆ పిల్ల పొద్దున్నే పైకెళ్ళి కాసులు చేత జడ వేయించుకునేది. ఆ రోజు కూడా వేయించుకుంది. దిగుతూ దిగుతూ, కింద వాళ్ళమ్మ కనపడితే “జడ చూడే” అని తల బయటికి పెట్టింది. తల పట్టింది. తల పట్టిన చోట పిల్ల పట్టదా?

కింద నాపరాళ్ళు.

ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములిద్దరూ చానాళ్ళకి మాట్లాడుకున్నారు.

“తుక్కు ముక్క ఒకటి పెట్టడానికి నీకు చేతులు రాలేదురా,” అన్నాడు తాతారావు.

“నీ కర్ర నువ్వు పీక్కోకపోతే పడేదా?” అన్నాడు సూరిబాబు.

“పడేటప్పుడు పచ్చకర్రే పట్టుకుందంట. అది ఊడి చేతిలోకొచ్చేసిందంట.”

“బంక వద్దని ముందు అన్నదెవరు?”

నర్సమ్మ బయటికొచ్చి ఇద్దర్నీ తిట్టింది. తెల్లారేసరికి పిల్ల పోయింది. చిన్నపిల్ల కాబట్టి కర్మకాండ అంటూ పెద్దగా లేదు, తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చేశారు. మర్నాడు నూకరత్నం మంచం కిందున్న మోపు ఈడ్చుకెళ్ళి కొండాచారి ముందు పడేసింది.

గురువుగారు అక్కడికి ఆపారు. బుల్లియ్య గోడకి జారగిలబడి కాసేపు కాలిగోరు గిల్లుకున్నాడు.

“అయితే గురువుగారూ, ఇందులో తప్పు అన్నదంటారా, తమ్ముడిదంటారా?”

గురువుగారు ఇంకో వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు.

“పోనీ, ఆ కర్రలు తిరిగి బిగించిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారండి? సగం సగమా?”

“తాతారావే మొత్తం ఇచ్చాడు,” అన్నారు గురువుగారు. “సగం తమ్ముణ్ణి అడగలేదు. బంకతో కలిపి అరవై రెండు రూపాయల యాభై పైసలు.”