మునుగుతున్నవాడి చేతులు

"గురువు కోసం ప్రాణమైనా ఇచ్చేవాడు ఇంకా ఏం నేర్చుకోవాలి స్వామీ?" అని పడవలో అడిగాడు చిదంబరం. ఏళ్ల తరబడి విరూపాక్షస్వామి బట్టలుతికి, వేళకు మందులిచ్చి, ఆయన నిద్రపోయాకే తాను నడుం వాల్చినవాడు. ఆ ప్రశ్న అడిగే అర్హత తనకుందని నమ్మాడు. స్వామి చెయ్యెత్తి ముందుకు చూపించారు. దీవి దగ్గరపడుతోంది, చూడమన్నారు.

అండమాన్‌లో స్థిరపడిన శ్రీకాకుళం కుటుంబాలవారు ప్రవచనాలకు పిలిస్తే వచ్చారు వాళ్లిద్దరూ. ఆ ఉదయం తీరిక దొరికి, అందరూ చెప్పుకునే ఆ తీరం చూద్దామని బయలుదేరారు. ఇసుక బియ్యప్పిండిలా తెల్లగా, మెత్తగా ఉంది. నీళ్లు నెమలికంఠం రంగులో మెరుస్తున్నాయి. చిదంబరానికి ఒళ్లు పులకరించింది. అలలు విరుగుతున్న చోట్లు వదిలేసి, నడుమ ప్రశాంతంగా కనిపించిన పాయలో స్నానానికి దిగాడు. నడుము లోతుకు వెళ్లాడో లేదో, కాళ్ల కింద ఇసుక జారిపోయింది. నీళ్లు అతన్ని లోపలికి లాక్కుపోయాయి. ఎంత ఈదినా ఒడ్డు దూరమే అవుతోంది.

గోదావరిలో ఈత నేర్చిన స్వామి ఉత్తరీయం ఇసుక మీద పడేసి నీళ్లలోకి దూకారు. ఆయన రావడం చిదంబరం చూశాడు. ఆ తరువాతిదంతా అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చేతులకు ఏదో దొరికింది. దాన్ని కిందికి నొక్కితే తన ముఖం పైకి తేలింది, గాలి అందింది. ఇంకా నొక్కాడు. చేతుల కింద అది గిలగిలా కొట్టుకుంది. వదల్లేదు. అంతలో దవడ మీద బలంగా దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మాయి.

తెలివి వచ్చేసరికి ఇసుక మీద బోర్లా పడి ఉన్నాడు. స్వామి అతని జుట్టు పట్టి, లాగే నీటికి అడ్డంగా ఈది, అలలు విరిగే చోటికి చేర్చారని, అక్కణ్ణుంచి అలలే ఇద్దరినీ ఒడ్డున పడేశాయని పడవవాడు చెప్పాడు. పక్కనే స్వామి ఉప్పునీళ్లు కక్కుతున్నారు. ఆయన మెడ మీద, భుజాల మీద ఎర్రగా గోటిగాట్లు. అవెక్కడివా అని చిదంబరం ఒక్క క్షణం ఆలోచించాడు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు. నీళ్లలో తన చేతుల కింద కొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

చేతులను ఇసుకలో రుద్దుకున్నాడు. ఆ చేతులు తనవేనన్నది మనసుకు ఎక్కడం లేదు.

"నన్ను పంపించెయ్యండి స్వామీ," అన్నాడు. "అది మీరని కూడా అప్పుడు నాకు తెలియలేదు."

"నాకు మాత్రం నువ్వని తెలుసు," అన్నారు స్వామి. "నీ దవడ తడిమి చూసుకో."

చిదంబరం తడుముకున్నాడు. బాగా వాచింది. "నన్ను కాపాడడానికే కదా స్వామీ కొట్టారు?" అన్నాడు.

స్వామి తన పిడికిలి వైపు చూసుకున్నారు.

"అదే ఆలోచిస్తున్నాను," అన్నారు.