కొత్త బ్రేకులకు కొబ్బరికాయ

గుమ్మకొండ దొరగారి బావమరిది వీరభద్రరాజుకి రాని విద్య లేదట! కొండజీపుకి కొత్త బ్రేకు ప్యాడ్లు తనే బిగించాడు, అదీ తిరగేసి. పట్టు ఇచ్చే గరుకు వైపు బయటికి, ఉత్త ఇనుపరేకు చక్రంతో పాటు తిరిగే బిళ్ల వైపుకి పెట్టాడు. బ్రేకు తొక్కితే కీచుమనడమే గానీ బండి ఆగితేనా!

"తిరగబడ్డాయి బాబూ, విప్పాలి" అన్నాడు డ్రైవరు పోలయ్య.

"నాకే చెబుతావురా? నోరుమూసుకుని దొరగారి పిల్లల్ని ఘాట్ రోడ్డు దించు, లేదా ఊరొదిలి పో!"

పోలయ్యకి ఒళ్లు మండిపోయింది. పసివాళ్ల ప్రాణాలు ఈయన గొప్పకి తాకట్టా?

"అలాగే బాబయ్యా. బిగించిన చేతితోనే కొబ్బరికాయ కొట్టాలి కదా. వాలులో నేను బ్రేకు తొక్కి పట్టుకుంటాను, తమరు జీపు ముందు నిలబడి కొట్టండి."

రాజు కాయ అందుకుని, వాలుని చూసి పక్కకి జరిగాడు.

"ముందు... ఆ ప్యాడ్లు విప్పరా" అని గొణిగాడు.

"అదేం బాబూ? పిల్లలకి సరిపోయిన బ్రేకు తమరికి చాలదా?"